మ్యాట్రిక్స్ సంస్థలో ప్రాజెక్టు మేనేజరు అధికారం
నాయకత్వ పటిమ ఉన్న ప్రాజెక్టు మేనేజరుకు సంస్థ నిర్మాణం ఎలా ఉన్నా అడ్డు కాదని ఒక వ్యాసంలో చదివాను, ఆ వ్యాసకర్త అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. విభాగాల వారీగా నడిచే సంస్థలో మనుషులూ నిధులూ విభాగాధిపతి చేతిలోనే ఉంటాయి కనుక ప్రాజెక్టు మేనేజరు చాలావరకు సమన్వయకర్తగానే మిగిలిపోతాడు. మ్యాట్రిక్స్ సంస్థలో సిబ్బంది తమ విభాగాధిపతికీ ప్రాజెక్టు మేనేజరుకూ ఇద్దరికీ జవాబుదారులుగా ఉంటారు. అందులో విభాగాధిపతిదే పైచేయిగా ఉండే బలహీన మ్యాట్రిక్స్‌లోనూ దాదాపు అంతే. శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరంలోని ఒక ఔషధ కర్మాగారంలో కొత్త ఉత్పత్తి బ్లాకు పనులు ప్రాజెక్టు మేనేజరుగా చూసినప్పుడు ఇది నాకు స్వయంగా అనుభవమైంది. ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్ సిబ్బంది నా షెడ్యూలు ప్రకారం పనిచేయవలసినవారే అయినా, వారి సెలవులు, ఏడాది చివరి పనితీరు మదింపు, ఇంక్రిమెంటు అన్నీ మెయింటెనెన్స్ విభాగాధిపతే నిర్ణయించేవారు. పాత బ్లాకులో ఏ పంపు ఆగినా వారు అటు వెళ్లిపోయేవారు, అందుకు వారిని తప్పుపట్టడానికి కూడా లేదు. ఎంత నచ్చజెప్పినా మారని ఈ పరిస్థితి, మదింపులో ప్రాజెక్టు మేనేజరు అభిప్రాయానికీ చోటు కల్పించి, ఒక పరిమితి వరకు కొనుగోళ్లను ఆమోదించే అధికారం ఇచ్చాక మారింది. మనుషులు వారే, మేనేజరునూ నేనే. అలాగని పూర్తిగా ప్రాజెక్టుల మీదే నడిచే నిర్మాణం అన్నిచోట్లా మేలని నేను అనడం లేదు. అక్కడ మేనేజరుకు అధికారం దండిగా ఉన్నా, పని ముగింపుకు వచ్చేసరికి తర్వాత తమను ఎక్కడికి పంపుతారోనన్న బెంగతో నిపుణులు ముందే వేరే ఉద్యోగాలు వెతుక్కుంటారు. ఉత్పత్తి ఆగకుండానే విస్తరణ జరగవలసిన మా వైపు కర్మాగారాలకు ప్రాజెక్టు మేనేజరు మాటకే ఎక్కువ విలువ ఉండే బలమైన మ్యాట్రిక్స్ తగినది. కాకపోతే అత్యవసరంలో సిబ్బందిని వెనక్కి పిలిచే హక్కు ఎవరిదో, ఎంతసేపటికో ప్రాజెక్టును ఆమోదించి మేనేజరుకు అధికారం ఇచ్చే పత్రమైన ప్రాజెక్టు చార్టర్‌లోనే రాసి ఉండాలి.