కట్ట చివర ఆగిపోతున్న నడక

తెల్లవారుజామున ఐదున్నరకే హనుమకొండలోని వడ్డేపల్లి చెరువు కట్ట మీద సందడి మొదలవుతుంది. పదవీ విరమణ చేసినవాళ్లు, పోటీ పరీక్షలకు చదివే పిల్లలు, మోకాళ్ల నొప్పికి డాక్టరు నడవమన్న ఇల్లాళ్లు. వరంగల్ భద్రకాళి చెరువు దగ్గరా అంతే. అందరూ కట్ట చివరిదాకా వెళ్లి, వెనుదిరిగి, మళ్లీ మొదటికొస్తారు. నేనూ ఏళ్ల తరబడి అలాగే తిరిగాను, చెరువును రోజూ చూస్తున్నాననే అనుకుంటూ. ఇన్నేళ్లూ నాకు కనిపించింది దాని ఒక్క పక్కే.

కాకతీయుల నాటి నుంచి ఈ నేలలో చెరువు కట్టే తీరు ఒకటే. వాగు దిగే వాలులో, వీలైతే రెండు గుట్టల నడుమ, అడ్డంగా కట్ట పోస్తారు. పాకాలకు, లక్నవరానికి వెళ్లినవారికి ఇది చూడగానే అర్థమవుతుంది. కట్ట ఉండేది పల్లపు వైపు మాత్రమే. మిగతా వైపుల చెరువుకు గోడ లేదు, గట్టు లేదు. మత్తడి, అంటే చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే అలుగు, ఎంత ఎత్తున ఉంటే ఆ మట్టం వరకు నీళ్లు పాకుతాయి. అదంతా చెరువే. ఆ నేలను శిఖం అంటాం. వానాకాలంలో మునిగి, వేసవికి తేలే భూమి అది. నీళ్లు వెనక్కి తగ్గినకొద్దీ రైతులు అందులో దోస, పుచ్చ, కూరగాయలు వేసుకునేవారు. అది చెరువు సొత్తేనని ఊరందరికీ తెలుసు కాబట్టి పేచీ ఉండేది కాదు. ఇప్పుడు ఆ జ్ఞాపకం ఉన్నవారు తగ్గిపోయారు. ఏడాదిలో సగం రోజులు ఎండి కనిపించే నేలను ప్లాటని నమ్మించడం ఎంత సులువో చెప్పాలా?

కిందటి చలికాలంలో నగర శివారులోని ఒక చెరువు చుట్టూ పూర్తిగా తిరగాలని బయలుదేరాను. కట్ట మీద నడక పది నిమిషాల పని. మత్తడి దాటాక దారే లేదు. ఒకచోట ప్రహరీ గోడ నీళ్లలోకి దిగి ఉంది. ఆ తర్వాత కూల్చిన ఇళ్ల శిథిలాల కుప్పలు, వాటి మధ్య కొత్తగా పాతిన హద్దురాళ్లు. పైనుంచి వరద మోసుకురావలసిన కాల్వలో నల్లటి మురుగు, అది చెరువులో కలిసే చోట మొదలై కనుచూపు మేర పరుచుకున్న గుర్రపుడెక్క. కట్ట మీద నుంచి చూసినప్పుడు ఆ పచ్చదనం నాకు అందంగా కనిపించేది.

అక్కడ వల సర్దుకుంటున్న ఒక పెద్దాయనను, తాతా, ఈ చెరువు ఎక్కడిదాకా అని అడిగాను. ఆయన నీళ్లకేసి చూడలేదు. ఇళ్ల వరుసకు అవతల నిలిచిన నాలుగు తుమ్మచెట్లను చూపించాడు. తన చిన్నతనంలో పడవ అక్కడే కట్టేవారట.

కట్టల మీద పెట్టిన ఖర్చు వృథా అని నేననను. 2015లో కేంద్రం ప్రకటించిన హృదయ్ పథకంలో పన్నెండు వారసత్వ నగరాలుంటే వాటిలో వరంగల్ ఒకటి. భద్రకాళి తీరం రూపు మారడంలో ఆ నిధుల పాత్ర ఉంది. అదే ఏడాది మొదలైన రాష్ట్ర ప్రభుత్వ పథకం మిషన్ కాకతీయ పల్లె చెరువుల పూడిక తీసి కట్టలు బలపరిచింది. జనం మళ్లీ చెరువు దగ్గరికి వచ్చారు. అది చిన్న విషయం కాదు. అయితే మన అభివృద్ధంతా జనం కనిపించే వైపే జరిగింది, ఆక్రమణ అంతా జనం కనిపించని వైపు. ఇది యాదృచ్ఛికమని నేను నమ్మను.

దాని ఫలితం వానలొచ్చినప్పుడు తెలుస్తుంది. మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి పోస్తే ఆ నీళ్లు కింది చెరువుకు చేరాలి. నడుమ దారి మూసుకుపోతే అవి ఇళ్లను వెతుక్కుంటాయి. 2020 ఆగస్టులో వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగినప్పుడు చూశాం. 2023 జూలైలో భద్రకాళి చెరువు కట్ట పోతననగర్ వైపు తెగినప్పుడూ చూశాం. శిఖంలో ఇళ్లు లేచిన చోట ఇంకో ఒత్తిడి కూడా వస్తుంది. ఇళ్లు మునగకుండా మత్తడిని కాస్త తగ్గించమంటారు. అవతలి ఒడ్డు దాదాపు సమతలం కాబట్టి అక్కడ అడుగు ఎత్తు తగ్గితే ఎకరాల కొద్దీ చెరువు కాగితం మీద నుంచి కూడా మాయమవుతుంది.

అందుకే చెరువు చుట్టూ నడకబాట కావాలంటున్నాను. రోజూ వందల మంది నడిచే చోట రాత్రికి రాత్రి మట్టి లారీలు దిగలేవు. ఒక హద్దురాయి జరిగితే మరునాటి ఉదయానికల్లా పదిమంది నోట పడుతుంది. పూర్వం తూముల దగ్గర, కాల్వల వెంట నీటి పారుదల చూసుకునే నీరటి తిరుగుతూ ఉండేవాడు. అతని కళ్లు చేసిన పనిలో కొంతైనా ఈ కళ్లు చేస్తాయి.

ఇందులో ఒక పెద్ద ప్రమాదం ఉంది, దాన్ని దాచను. చుట్టుబాట పేరుతో నీళ్లలోకి మట్టి పోసి గుండ్రంగా కొత్త కట్ట వేస్తే చెరువు గిన్నెలా కుదించుకుపోతుంది. బాటకు అవతల మిగిలిన శిఖమంతా ఇక చెరువు కాదని మనమే ఒప్పుకున్నట్టవుతుంది. వచ్చే వరద బాటకు తగిలి వెనక కాలనీల్లోకి మళ్లుతుంది. అలాంటి బాట కంటే ఏ బాటా లేకపోవడమే నయం. పదెకరాలో, వెయ్యి ఎకరాలో, చెరువు ఎంతదైనా బాట పూర్తి నీటి మట్టానికి బయటే ఉండాలి. చోటు లేదనే మాట చెల్లదు. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు 30 మీటర్లు, చిన్న కుంటలకు 9 మీటర్లు నిర్మాణాలు లేకుండా వదలాలని 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలే చెబుతున్నాయి. సిమెంటు అక్కర్లేదు, చదును చేసిన మట్టిబాట చాలు. వాగు, కాల్వ కలిసే ప్రతిచోటా నీళ్లు ధారాళంగా పోయేంత వెడల్పైన కల్వర్టు ఉండాలి. బతుకమ్మలు వేసేందుకు మెట్లు, మత్స్యకారులు పడవ దించేందుకు జాగా, కట్ట మైసమ్మకు బోనమెత్తే దారి బాటతో పాటే గీయాలి. తుంగ పెరిగి నీటికోళ్లు గూళ్లు కట్టే మూలన దీపాలు పెట్టకూడదు. రాత్రి అది వాటి చోటు.

ఇక హద్దు ఎక్కడ గీయాలన్న ప్రశ్న. టెండర్ల కంటే ముందు తేలవలసింది ఇదే. ఈ వానాకాలం మత్తడి పోసిన రోజున రెవెన్యూ, నీటిపారుదల, నగరపాలక సిబ్బంది కలిసి చెరువు చుట్టూ ఒకసారి నడవాలి. వెంట వలల పెద్దాయనలాంటి వాళ్లను తీసుకెళ్లాలి. నీళ్లు ఆగిన ప్రతిచోటా ఒక రాయి పాతాలి, అది ఎవరి గేటు ముందైనా సరే.