ఆలస్యానికి 60 వేలు: ఏ దేశపు లెక్క?

మా వీధి గ్రూపులో మొదలై, కళాశాల మిత్రుల మీదుగా, చివరికి నిన్న ఉదయం పలాస నుంచి మా మేనమామగారి ద్వారా కూడా నన్ను చేరిన సందేశం ఒకటుంది. విమానం మూడు గంటలు ఆలస్యమైతే సంస్థ 60 వేల రూపాయలు ఇచ్చి తీరాలట. తుఫాను, వాన అన్నీ సాకులేనట. బదులు విమానం ఇస్తామంటే ఎక్కకూడదట. 24 గంటల్లో అడగకపోతే హక్కు పోతుందట. పది మందికి పంపితే పుణ్యమట. ఆ పుణ్యం సంగతి వదిలేసి మిగిలినవి చూద్దాం.

ఆ 60 వేలు గాలిలోంచి పుట్టలేదు. యూరోపియన్ యూనియన్‌లో 2004 నాటి నిబంధన ఒకటి ఉంది. దాని ప్రకారం దూరాన్ని బట్టి 250, 400, 600 యూరోలు పరిహారంగా వస్తాయి. ఆ 600ను రూపాయల్లోకి మారిస్తే వచ్చేదే సుమారుగా ఈ 60 వేలు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి సెలవులకు వచ్చే మన పిల్లలకు అది వర్తిస్తుంది కూడా. విశాఖలో ఎక్కి హైదరాబాద్‌లో దిగేవారికి మాత్రం వర్తించదు. అంత కొద్ది దూరానికి యూరప్‌లో ఇచ్చేదైనా 250 యూరోలే కనుక, ఈ సందేశం రాసిన మహానుభావుడు అక్కడి నిబంధననైనా పూర్తిగా చదవలేదని తేలుతుంది.

మన దేశంలో చెల్లేది డీజీసీఏ, అంటే పౌర విమానయాన నియంత్రణ సంస్థ, నిబంధన. అందులో ఒట్టి ఆలస్యానికి నగదు పరిహారమే లేదు. రెండున్నర గంటల లోపు ప్రయాణమైతే, ఆలస్యం రెండు గంటలు దాటాక తిండి, నీళ్లు పెట్టాలి. ఆరు గంటలు దాటేటట్లయితే వేరే విమానమో, పూర్తి డబ్బు వాపసో, మనం కోరుకున్నది ఇవ్వాలి. నగదు మాట వచ్చేది విమానం రద్దయి, ఆ సంగతి 24 గంటల ముందుగా మనకు తెలియజేయనప్పుడు. గంట లోపు ప్రయాణానికి 5,000, గంట నుంచి రెండు గంటలకు 7,500, ఆపైన 10,000 రూపాయలు. అయితే ఈ అంకెల పక్కనే "లేదా ఒకవైపు ప్రాథమిక చార్జీ, ఇంధన చార్జీ కలిపిన మొత్తం, ఏది తక్కువైతే అది" అని ఉంటుంది. ఆ మొత్తం మీ టికెట్టులో 3,200 అయితే మీకు వచ్చేదీ 3,200 మాత్రమే. ఆ మాట సందేశంలోకి ఎక్కలేదు.

తుఫాను సాకు అన్నవారికి జవాబు క్లుప్తంగా చెబుతాను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖ విమానాశ్రయాన్ని ఏం చేసిందో చూసిన జిల్లాలవాళ్లం మనం. వాతావరణం, అల్లర్లు, భద్రతా కారణాల వంటి వాటికి పరిహారం వర్తించదు. అయితే సాంకేతిక లోపాన్ని కూడా "వాతావరణం" అని చెప్పి చేతులు దులుపుకునే అవకాశం సంస్థలకు ఉన్నదని ఒప్పుకుంటాను. కారణాన్ని రాతపూర్వకంగా అడగడం అందుకే.

నన్ను నిజంగా మండించినది "బదులు విమానం ఎక్కకండి" అనే సలహా. ఉద్దానం నుంచి, సోంపేట, కవిటి ఊళ్ల నుంచి గల్ఫ్‌కు వెళ్లే కుర్రవాళ్ల ఫోన్లలో ఈ సందేశం తిరుగుతోంది. రీఎంట్రీ (తిరిగి ఆ దేశంలో అడుగుపెట్టే అనుమతి) గడువు రెండు రోజుల్లో ముగిసేవాడు దీన్ని నమ్మి కౌంటరు దగ్గర బైఠాయిస్తే, మహా అయితే పది వేల కోసం రెండేళ్ల ఉద్యోగాన్ని విశాఖలో వదులుకున్నట్లే. ఇక్కడ నేను అనుకోనిది ఒకటి ఒప్పుకోవలసి వచ్చింది: నిబంధన తిరగేసి చూస్తే, చెప్పకుండా రద్దు చేసినప్పుడు మనకు సమ్మతమైన వేరే విమానం గానీ, పూర్తి వాపసుతో పాటు పరిహారం గానీ ఇవ్వాలని ఉంది. అంటే బదులు విమానం ఎక్కితే ఆ నిర్ణీత సొమ్ము రాదన్నంతవరకు సందేశం నిజమే. ఆ నిజంలోంచి "ఎక్కకండి" అనే ఆజ్ఞ ఎలా పుట్టిందో మాత్రం పంపినవారే చెప్పాలి. టికెట్టు చేతిలో ఉన్నా ఎక్కనివ్వకపోతే అది వేరే సంగతి. అప్పుడు గంటలోపు బయలుదేరే వేరే విమానం చూపకపోతే, ఆ తర్వాతి విమానంలో పంపినా పరిహారం ఇవ్వాలి.

గల్ఫ్ కుర్రవాళ్లకు చెప్పవలసిన అసలు జాగ్రత్తలు రెండూ ఆ సందేశంలో లేనే లేవు. విశాఖ–హైదరాబాద్ ఒక టికెట్టు, అక్కడి నుంచి గల్ఫ్‌కు మరో టికెట్టు తీసుకుంటే, మొదటిది రద్దయి రెండోది తప్పిపోయినా ఈ నిబంధన రెండోదాన్ని పట్టించుకోదు. ఒకే టికెట్టు మీద ఉన్న కనెక్షన్‌కే రక్షణ. రెండోది, బుకింగులో ఏజెంటు తన ఫోను నంబరే వేసుకుంటాడు. రద్దు సమాచారం అతనికి వెళుతుంది, ప్రయాణికుడికి కాదు. సరైన నంబరు ఇవ్వనివారికి పరిహారం ఉండదని అదే నిబంధన చెబుతోంది.

ఇక 24 గంటల గడువు. వినియోగదారుల చట్టం ఇచ్చేది రెండేళ్లు. 2019 చట్టం వచ్చాక మనం నివసించే చోటే ఫిర్యాదు చేయవచ్చు కాబట్టి, శ్రీకాకుళం వారు శ్రీకాకుళంలో, విజయనగరం వారు విజయనగరంలో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. బోర్డింగ్ పాసు, రద్దు చేసినట్లు వచ్చిన మెసేజి, సొంతంగా పెట్టిన హోటలు, టాక్సీ ఖర్చుల బిల్లులు దాచుకోవాలి. ముందు సంస్థకు ఈమెయిలు, తర్వాత విమాన ప్రయాణికుల ఫిర్యాదుల కోసం ప్రభుత్వం నడిపే ఎయిర్‌సేవ పోర్టల్, అక్కడా తేలకపోతే కమిషన్.