రామన్ గారి వెలుగు, మా గల్లీ గుంత

నెట్ పోయిందని ఫోన్ చేస్తే కస్టమర్ కేర్ అమ్మాయి ఎంతో మర్యాదగా, "సిగ్నల్ పైనుంచే వీక్‌గా వస్తోంది సార్" అంది. పైనుంచి అంటే కైలాసం నుంచా అని అడగబోయి ఊరుకున్నాను.

పాపం, పైవాళ్ల తప్పేమీ లేదు. నెట్ మన దాకా వచ్చేది ఆప్టికల్ ఫైబర్ అనే గాజు తీగలో, కాంతి రూపంలో. ఆ కాంతి 15 కిలోమీటర్లకు సగమైపోతుంది, 100 కిలోమీటర్లకు నూటికో వంతు మిగులుతుంది. ఈ నీరసానికి మందు మన సి.వి. రామన్ గారి పుణ్యమే. కాంతి అణువులకు తగిలి చెదిరేటప్పుడు వాటికి కాస్త శక్తి వదిలి రంగు మార్చుకుంటుందని 1928లో కలకత్తాలో ఆయన పట్టుకున్నారు. ఆ కిటుకుతోనే దూరాభారపు లైన్లలో అవతలి కొస నుంచి 1450 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న లేజర్‌ని ఎదురు పంపుతారు. చుట్టం ఊళ్లోకి రాకముందే ఎదురెళ్లి చేతిలో సంచి అందుకున్నట్టు, ఆ లేజర్ 1550 నానోమీటర్ల దగ్గర వస్తున్న సిగ్నల్‌కి తన బలం ధారపోస్తుంది. ఆ రెండు కాంతుల శక్తిలో ఉన్న తేడాతో గాజు అణువులు ఊగుతాయి. దారిలో వేరే డబ్బా అక్కర్లేదు, తీగే ఆంప్లిఫయర్.

ఇంత రాజభోగంగా ముంబై నుంచి 700 కిలోమీటర్లు వచ్చిన వెలుగు మల్కాజిగిరిలో మా గల్లీ మలుపు తిరగలేకపోయింది. అక్కడ జేసీబీ ఉంది.

మొన్న మంచినీళ్ల పైపు కోసం తవ్వారు. అంతకుముందు డ్రైనేజీ కోసం తవ్వారు, నిన్నేమో, మొన్నటి గుంత ఎక్కడుందో వెతకడానికి మళ్లీ తవ్వారు. చుట్టూ పాతికమంది చేతులు కట్టుకుని యజ్ఞం చూసినట్టు చూస్తున్నారు. బకెట్ పైకి లేచింది. దాని పంటికి నారింజ రంగు పైపు పొట్లకాయలా వేలాడుతోంది. "కేబుల్ అనుకుంటా" అన్నాడు డ్రైవర్. ఓ పెద్దాయన, "అవును, కేబులే" అని ధ్రువీకరించారు. ఫిబ్రవరి 28న సైన్స్ దినోత్సవానికి ఈ ఇద్దరికీ శాలువా కప్పాలని కాలనీకి నా ప్రతిపాదన.

రాత్రి తొమ్మిదికి ఒక కుర్రాడొచ్చాడు. తాత్కాలికంగా కరెంటు స్తంభం మీదుగా లాగాలట. గ్లవ్స్ లేవు, హెల్మెట్ లేదు, నడుముకి బెల్టు లేదు. ఇరవై ఏళ్లుంటాయేమో. కోట్ల రూపాయల లేజర్లు కొనే చేతులకు, ఈ పిల్లాడికి ఒక జత గ్లవ్స్ కొనడానికి పక్షవాతమొచ్చిందా? సిగ్గుండాలి! కింద నుంచి మేమేం అడుగుతున్నామో తెలుసా? "నెట్ ఎప్పుడొస్తుంది తమ్ముడూ?" అడిగినవాళ్లలో నేనూ ఉన్నాను.

"అన్నా, జర లైట్ కొట్టు" అన్నాడు పైనుంచి. ఫోన్ టార్చ్ వేసి చెయ్యెత్తి పట్టుకున్నాను. అక్కడిదాకా అందలేదు.