తీసేసిన గీతలు

తిరుపతిలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ శనివారం జరిపిన క్వాంటం ప్రదర్శనలో తెర మీద రెండే రెండు గీతలు కనిపించాయి. క్యూబిట్ అంటే క్వాంటం కంప్యూటర్‌లో కొలిచినప్పుడు 0 లేదా 1 చూపే మూలకం. రెండు క్యూబిట్లూ ఒకే జవాబు చూపాల్సిన ప్రయోగం, వెయ్యి రన్‌లు, అంటే వెయ్యిసార్లు నడిపారు. 00 సరిగ్గా 500 సార్లు, 11 సరిగ్గా 500 సార్లు. 01, 10 ఒక్కసారి కూడా లేవు. అవేమయ్యాయని ఓ విద్యార్థిని అడిగితే, ‘అవి నాయిస్ అమ్మా, తీసేశాం’ అన్నారు నిర్వాహకులు. నాయిస్ అంటే అలజడి వల్ల యంత్రంలో దొర్లే తప్పులు. చప్పట్లు కూడా మోగాయి! నాణేన్ని వెయ్యిసార్లు ఎగరేసినా సరిగ్గా సగం సగం పడటం అరుదు. అంటే తీసేసి ఊరుకోలేదు, మిగిలినదాన్నీ చదును చేశారు.

అమరావతికి ఐబీఎం 156 క్యూబిట్ల యంత్రం వస్తుందన్న దగ్గర్నుంచి కాలేజీలకు క్వాంటం మోజు పట్టుకుంది. పిల్లలను మొదటిరోజే తికమక పెట్టడమెందుకని నిర్వాహకుల వాదన. తికమక వేరు, దాపరికం వేరు.

అసలు ఆ యంత్రం కథంతా నాయిస్‌తోనే. ఒక్కో గేటు, అంటే క్యూబిట్లపై చేసే ఒక్కో చిన్న పని, వెయ్యింట ఒకసారి తప్పినా, వెయ్యి గేట్లు దాటేసరికి ఒక్క తప్పూ దొర్లకుండా ఉండే అవకాశం 37 శాతమే. దీనికి నిజాయతీగల మందూ ఉంది. నాయిస్‌ను కావాలనే కొంత కొంతగా పెంచి, జవాబు ఎటు జారుతోందో చూసి, నాయిస్ లేకుంటే ఎంత వచ్చేదో వెనక్కి లెక్కగడతారు. 2023లో ఐబీఎం 127 క్యూబిట్లపై చేసింది ఇదే. అది అంచనా, అంచనా అనే చెప్పారు. సర్క్యూట్, అంటే గేట్ల వరుస, పెరిగేకొద్దీ రన్‌ల ఖర్చు తడిసి మోపెడవుతుంది, అదీ దాచేది కాదు. 2024 డిసెంబరులో గూగుల్ తన విల్లో చిప్ మీద తప్పులు తగ్గాయని చాటినప్పుడు, ఎన్ని మిగిలాయో కూడా చెప్పింది.

మరి ఇక్కడ ఎన్ని తీశారు? ఏ పద్ధతిలో తీశారు? పాల కేంద్రంలో ఫ్యాట్ రీడింగ్ ఒక్క పాయింటు మారితే చిత్తూరు రైతు క్యాన్ అక్కడే దించి నిలదీస్తాడు. కాలేజీలో మాత్రం చప్పట్లు! రేపు ఈ పిల్లలే ప్రాజెక్టు రిపోర్టులో అడ్డొచ్చిన రీడింగులు చెరిపేసి, ‘మా సార్ కూడా తీసేశారుగా’ అంటే ఏ మొహంతో కాదంటారు?

ఐఐటీ, సైన్సు పరిశోధన సంస్థ ఐసర్ రెండూ ఏర్పేడు దగ్గరే ఉన్నాయి. ఒకరిని పిలిచి అడగడానికి ఏం అడ్డొచ్చింది? ముందు ఆ అమ్మాయిని పిలిచి అసలు రీడింగులు చేతిలో పెట్టండి. ఉంటే.