చెప్పిన పని చెయ్యని బోర్డు గారికి ఒక ఫిర్యాదు

కెంటకీ రాష్ట్ర ఎన్నికల కమిషనర్ల బోర్డు గారికి,
ఫ్రాంక్‌ఫర్ట్, కెంటకీ.

అయ్యా,

మీ క్షేమ సమాచారాలు అడగడం లేదు. మీ వ్యవహారం ముగిసి 120 ఏళ్ళు దాటింది. అయినా మీ మీద నాకో ఫిర్యాదు ఉంది. లోకంలో ఎన్నికల బోర్డుల మీద వచ్చే ఫిర్యాదులన్నీ ఒకటే రకం, దొంగ లెక్క చెప్పారని. మీ కేసు దానికి పూర్తిగా తిరగేసింది. గవర్నరు ఎన్నికలో తన వైపే లెక్క తేలాలనే ఆశతో మీ డెమొక్రాట్ పార్టీ మిమ్మల్ని కని పెంచింది. తీరా అసలు రోజు వచ్చేసరికి మీరు ఉన్నది ఉన్నట్టు కూడి చెప్పారు. కంచే చేను మేసిన కథలు మాకు చాలా తెలుసు. మేస్తుందని నమ్మి వేసిన కంచె ఆఖరి నిమిషంలో మేయనంటే పాపం ఆ ఆసామి గతేమిటి?

మీ పుట్టుపూర్వోత్తరాలు ఒకసారి గుర్తు చేస్తాను. అంతర్యుద్ధం ముగిశాక కెంటకీ గవర్నరు కుర్చీ దాదాపు డెమొక్రాట్ల పిత్రార్జితం. 1895లో విలియం బ్రాడ్లీ అనే రిపబ్లికన్ వచ్చి అందులో కూర్చున్నాడు. ఆ మరుసటి ఏడు అధ్యక్ష ఎన్నికల్లో రిపబ్లికన్ మెకిన్లీ మీ రాష్ట్రాన్ని 281 ఓట్ల తేడాతో ఎగరేసుకుపోయాడు. నాలుగు లక్షలకు పైగా ఓట్లు పడితే తేడా 281. ఇలాంటి చోట ఓటర్ల మనసు మార్చడానికి ఊరూరా తిరగడం ఎందుకు, లెక్క పెట్టేవాళ్ళను మార్చుకుంటే పోలేదా అని ఒక బుర్రకు తట్టింది. ఆ బుర్ర కెంటకీలోని కవింగ్టన్ ఊరి రాష్ట్ర సెనేటర్ విలియం గోబెల్‌ది. (పేరు వినగానే కంగారు పడకండి. మన పేపర్లలో రోజూ కనిపించే గోబెల్స్ ప్రచారానికీ ఈయనకూ సంబంధం లేదు. ఈయన జర్మనీ నుంచి వలస వచ్చిన దంపతుల కొడుకు, లాయరు.)

1898లో ఆయన తెచ్చిన చట్టమే మీకు పురుడు పోసింది. శాసనసభ ముగ్గురు కమిషనర్లను ఎన్నుకుంటుంది. ఆ ముగ్గురూ ప్రతి కౌంటీకీ (మన జిల్లా లాంటిది) కమిషనర్లను వేస్తారు. వాళ్ళు పోలింగ్ అధికారులను వేస్తారు. శాసనసభలో మెజారిటీ డెమొక్రాట్లది కాబట్టి పై నుంచి కింది దాకా ఒకే కుటుంబం. గవర్నర్ బ్రాడ్లీ వీటో చేశాడు, సభ ఆ వీటోను పక్కన పెట్టేసింది. సొంత పార్టీలోనే కొందరు ఇదేం చోద్యం అన్నారు. గోబెల్ అలాంటి మాటలు చెవిన వేసుకునే మనిషి కాదు. 1895లో జాన్ శాన్‌ఫర్డ్ అనే బ్యాంకరుతో పత్రికలో మొదలైన గొడవ కవింగ్టన్ వీధిలో తుపాకుల దాకా వెళ్ళింది. బ్యాంకరు పోయాడు, ఎవరు ముందు కాల్చారో సాక్షులు తేల్చలేకపోయారు, గోబెల్ ఆత్మరక్షణ అని చెప్పి బయటపడ్డాడు. అలాంటి ఆసామి ఏరికోరి తెచ్చిన బోర్డు మీరు. కాస్త భయమైనా ఉండాలి కదా!

ఒక విషయం ఒప్పుకోవాలి. గోబెల్ తలపడ్డ అసలు ప్రత్యర్థి చిన్నదేం కాదు. లూయీవిల్ అండ్ నాష్‌విల్ రైల్వే కంపెనీ అప్పట్లో మీ రాష్ట్రంలో రెండో ప్రభుత్వం లాంటిది. దాని సరుకు రవాణా చార్జీలకు కళ్ళెం వేస్తానని ఆయన అన్నాడు, రైతులకు అది నచ్చింది. కంపెనీ తన పెట్టె తెరిచి ఆయన్ని ఓడించడానికి డబ్బు కుమ్మరించింది. ఆ విషయంలో నా ఓటు కూడా గోబెల్‌కే. కానీ రైల్వే మీద న్యాయమైన పోరాటం చేసేవాడికి లెక్కల మీద అన్యాయమైన పట్టు ఎందుకు కావాల్సి వచ్చిందో, అక్కడే నాకు పేచీ.

1899 జూన్‌లో లూయీవిల్ మ్యూజిక్ హాల్లో జరిగిన పార్టీ సభ సంగతి వదిలేద్దాం. సభ ఎంత రసాభాస అయిందంటే, ఒకరి మాట ఒకరికి వినపడలేదు. పొత్తు కుదిరిన నాయకుడికి చెయ్యిచ్చి, అడ్డొచ్చిన వాళ్ళను ఒక్కొక్కరినీ తప్పించి, 26వ రౌండులో గోబెల్ గవర్నరు టికెట్టు కొట్టాడు. అలిగిన డెమొక్రాట్లు ‘నిజాయితీ ఎన్నికల డెమొక్రాట్లు’ అని వేరుకుంపటి పెట్టి మాజీ గవర్నర్ జాన్ యంగ్ బ్రౌన్‌ను నిలబెట్టారు. రిపబ్లికన్ల తరఫున అటార్నీ జనరల్ విలియం టేలర్.

నవంబరులో లెక్క వచ్చింది. టేలర్ 1,93,714. గోబెల్ 1,91,331. బ్రౌన్ 12,040. తేడా 2,383.

మీ ఘనకార్యం మొదలయ్యేది ఇక్కడే. మీ వాళ్ళు మీకు ఎన్ని సాకులు వెతికి పళ్ళెంలో పెట్టి అందించారు! నెల్సన్ కౌంటీలో బ్యాలెట్ మీద డబ్ల్యూ.ఎస్. టేలర్ బదులు డబ్ల్యూ.పి. టేలర్ అని అచ్చయింది, ఆ 1,200 ఓట్లు చెల్లవన్నారు. ఆధార్‌లో ఇంటిపేరు ఒక అక్షరం తేడా వస్తే మీసేవ చుట్టూ తిరిగే మా జనానికి ఆ టెన్షన్ బాగా అర్థమవుతుంది. నాక్స్, జాన్సన్ కౌంటీల్లో బ్యాలెట్ కాగితం మరీ పలచన, ఎవరికి ఓటేశారో వెనక నుంచి కనిపిస్తోంది, కాబట్టి ఆ కౌంటీల ఓట్లు కొట్టెయ్యమన్నారు. లూయీవిల్‌లో పోలింగ్ రోజు బ్రాడ్లీ మిలీషియాను (రాష్ట్ర సైనిక దళాన్ని) దింపాడు, జనం జడుసుకున్నారు, కాబట్టి నగరం మొత్తం ఓట్లు తీసెయ్యమన్నారు. తమాషా ఏమిటంటే, రహస్య బ్యాలెట్‌ను అమెరికాలో అందరికంటే ముందు 1888లో తెచ్చుకున్న ఊరు ఆ లూయీవిలే. రాష్ట్రంలో మిగతా చోట్ల 1891 రాజ్యాంగం వచ్చేదాకా నలుగురి ముందూ నోటితో పేరు చెప్పి ఓటేసేవాళ్ళు. అంత బాహాటంగా ఓటేసిన రాష్ట్రం, పదేళ్ళు తిరక్కుండానే కాగితం పలచనైందని నీతులు చెప్పింది.

ఈ మూడింట్లో ఒక్కటి ఒప్పుకున్నా మీ పని సగం అయిపోయేది. 1899 డిసెంబరు 9న మీరేం చేశారు? మీ ముగ్గురిలో ప్రయర్ గారు, ఎలిస్ గారు ఒకవైపు, పోయింట్జ్ గారు ఒకవైపు. ఇద్దరి మాట ఏమిటంటే, మేం కోర్టు కాదు, కౌంటీల నుంచి వచ్చిన అంకెలు కూడడం వరకే మా పని, వాటి వెనక ఏం జరిగిందో విచారించే అధికారం మాకు లేదు. రెండుకు ఒకటి. టేలరే గవర్నర్. డిసెంబరు 12న ఆయన ప్రమాణం కూడా చేసేశాడు. ప్రయర్ గారు అంతకుముందు రాష్ట్ర ప్రధాన న్యాయమూర్తిగా చేసిన మనిషి. అలాంటివారిని ఇలాంటి కుర్చీలో కూర్చోబెడితే ఇంతే అవుతుందని గోబెల్‌కు ముందే తట్టకపోవడం వింత. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడడం అంటారే, ఆయన గొయ్యి తీయడమే కాదు, చుట్టూ కంచె కట్టించి, ముగ్గురు కాపలాదార్లకు జీతాలిచ్చి మరీ పడ్డాడు.

మీరు మాట వినకపోయేసరికి వ్యవహారం శాసనసభకు వెళ్ళింది. గవర్నరు ఎన్నిక మీద తగాదా వస్తే తీర్పు సభదేనని రాజ్యాంగం. విచారణ కమిటీకి పేర్లు చీటీలు తీసి ఎంచాలి. తీశారు. సభలో రెండు పార్టీలకూ బోలెడు మంది ఉన్నారు, వచ్చిన 11 పేర్లలో రిపబ్లికన్ ఒక్కడే. కెంటకీలో చీటీలకు కూడా పార్టీ సభ్యత్వం ఉండేదేమో.

రిపబ్లికన్లు ఊరుకుంటారా? 1900 జనవరి 25న తూర్పు కొండల నుంచి వెయ్యి మంది దాకా తుపాకులతో రైలెక్కి ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగారు. రైలు ఏ కంపెనీదో మళ్ళీ చెప్పాలా? ఐదు రోజుల తర్వాత, 30వ తేదీ పొద్దున, గోబెల్ ఇద్దరు మిత్రులతో కలిసి సభా భవనానికి నడిచి వెళ్తున్నాడు. ముందు దారి ఖాళీ. పక్కనున్న కార్యాలయ భవనం కిటికీ లోంచి తుపాకీ పేలింది. ఆయన అక్కడే రాళ్ళ దారి మీద కూలిపోయాడు. ఆ కిటికీ సెక్రటరీ ఆఫ్ స్టేట్ గారి ఆఫీసుది. ఓట్ల రికార్డులు భద్రంగా దాచే శాఖ.

టేలర్ వెంటనే మిలీషియాను పిలిచి, సభ ఫ్రాంక్‌ఫర్ట్‌లో క్షేమంగా జరగదు, లండన్ పోదాం పదండి అన్నాడు. ఇంగ్లాండు లండన్ కాదు, కెంటకీలోనే రిపబ్లికన్ల బలం ఉన్న ఒక చిన్న ఊరు. డెమొక్రాట్ సభ్యులు కదలమన్నారు. సభా భవనానికి వెళ్తే గుమ్మంలో సైనికులు. నాటకశాలకు వెళ్తే అక్కడా సైనికులు. కోర్టుకు వెళ్తే అక్కడా వాళ్ళే. ఒక రాష్ట్ర శాసనసభ కూర్చోవడానికి చోటు లేక వీధి వీధీ తిరగడం మీరు కిటికీలోంచి చూసే ఉంటారు. చివరికి కాపిటల్ హోటల్లో చాటుగా కలిసి, చాలినన్ని టేలర్ ఓట్లు కొట్టేసి, గోబెలే గవర్నర్ అని తేల్చారు. మీరు పళ్ళెంలో వదిలేసిన సాకులే వాళ్ళకు భోజనం. ఆయన మంచం మీదే ప్రమాణం చేశాడు, మిలీషియాను వెనక్కి పంపే ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు, ఫిబ్రవరి 3న కన్నుమూశాడు. పదవిలో ఉండగా హత్యకు గురైన అమెరికా రాష్ట్ర గవర్నరు ఇప్పటికీ ఆయన ఒక్కడే.

కోర్టులు తేల్చేదాకా మీ రాష్ట్రానికి ఇద్దరు గవర్నర్లు. ఒకరు మిలీషియా కాపలాలో టేలర్. మరొకరు గోబెల్ వెంట గెలిచిన లెఫ్టినెంట్ గవర్నర్ బెకమ్, వయసు 30. ఏ ఉత్తర్వు ఎవరిదో తెలియక గుమాస్తాల ప్రాణాలు ఎంత ఉసూరుమన్నాయో. మే 21న సుప్రీంకోర్టు ఈ తగాదాలో మేం తలదూర్చం అంది. గవర్నర్ పదవి ఆస్తి కాదని, పోయిందని కోర్టుకెక్కడానికి వీల్లేదని సారాంశం. కెంటకీ మనిషైన జస్టిస్ హార్లన్ మాత్రం ఒప్పుకోలేదు. టేలర్ ఇండియానాకు వెళ్ళిపోయాడు. హత్య కేసులో ఆయన పేరు ఉన్నా అక్కడి గవర్నర్ అప్పగించను పొమ్మన్నాడు. ఆయన ఇండియానాలోనే కాపురం పెట్టాడు. హంతకుణ్ణి పట్టడానికి సభ లక్ష డాలర్లు మంజూరు చేసింది. అంత సొమ్ము ఎదురుగా ఉంటే జనానికి జ్ఞాపకశక్తి ఎంత పెరుగుతుందో చెప్పక్కర్లేదు. సెక్రటరీ ఆఫ్ స్టేట్ కేలబ్ పవర్స్‌ను నాలుగుసార్లు విచారించారు, మూడుసార్లు శిక్ష వేశారు, ఎనిమిదేళ్ళు జైల్లో ఉంచారు, 1908లో రిపబ్లికన్ గవర్నర్ క్షమాభిక్ష పెట్టి వదిలాడు. బయటికొచ్చి ఆయన కాంగ్రెస్‌కు పోటీ చేసి గెలిచి అక్కడా ఎనిమిదేళ్ళే కూర్చున్నాడు. మీ లెక్క కంటే ఓటర్ల లెక్క పక్కా.

మిమ్మల్ని కాస్త సిగ్గుపరచడానికి మీ తోటి రాష్ట్రాల సంగతి కూడా చెప్పాలి. కొలరాడోను చూడండి. 1904లో ఆల్వా ఆడమ్స్ అనే డెమొక్రాట్ గెలిచాడు, 1905 జనవరిలో కుర్చీ ఎక్కాడు. డెన్వర్‌లో దొంగ ఓట్లు వేయించారని రిపబ్లికన్లు, గనుల ఊళ్ళలో కంపెనీలు ఓట్లు గుద్దించుకున్నాయని డెమొక్రాట్లు. గని కార్మికుల సమ్మె మీదికి సైన్యాన్ని తోలిన మాజీ గవర్నర్ పీబడీకి కుర్చీ ఇవ్వాలి, కానీ ఆయన్ని భరించడం సొంత పార్టీకే కష్టం. మార్చి 16న సభ ఆడమ్స్‌ను దింపి పీబడీని ఎక్కించింది, ముందుగా రాయించుకున్న రాజీనామాతో సహా. 17న ఆయన దిగాడు, జెస్సీ మెక్‌డొనాల్డ్ ఎక్కాడు. 24 గంటల్లో ముగ్గురు గవర్నర్లు, ఒక్క తూటా పేలలేదు. పనితనం అంటే అది.

మీ దక్షిణాది చుట్టాలు ఇంకా తెలివైనవాళ్ళు. వాళ్ళు లెక్క దాకా రానివ్వరు. లూసియానాలో 1896లో నమోదైన నల్లజాతి ఓటర్లు 1,30,334 మంది. 1898లో కొత్త రాజ్యాంగం రాసుకున్నారు. చదువొచ్చా, ఆస్తి ఉందా, మీ తాతకు 1867కు ముందు ఓటుందా అని అడిగారు. బానిసగా ఉన్న తాతకు ఓటు ఎక్కడి నుంచి వస్తుంది? 1904కు మిగిలింది 1,342. అలబామా 1901లో అదే పని చేసింది. ఆ రాజ్యాంగం నెగ్గింది నల్లవాళ్ళు ఎక్కువగా ఉన్న కౌంటీల నుంచి వచ్చిన ఓట్లతోనట. తమ ఓటు తామే తీసెయ్యమని వాళ్ళు వరసలో నిలబడి ఓటేశారని అక్కడి లెక్కలు చెబుతున్నాయి. అక్కడా మీలాంటి బోర్డు ఉండి, మాకు కూడడం మాత్రమే వచ్చు అని ఉంటే ఏమయ్యేదో నేను ఊహించదలచుకోలేదు.

మిమ్మల్ని పుట్టించిన చట్టాన్ని 1900లోనే మీ పార్టీ తిరగరాసింది. నమ్మినవాడు పోయాడు, లెక్క చెప్పిన పాపానికి మీకు కృతజ్ఞతగా ఒక్క పూలదండ కూడా పడలేదు. గోబెల్‌కు మాత్రం పాత సభా భవనం ముందు విగ్రహం ఉంది. ప్రయర్, ఎలిస్ గార్లకు ఎక్కడైనా ఉంటే చెప్పండి, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను.

ఇట్లు,
మీ లెక్క సరిచూసిన ఒక తెలుగువాడు

నకలు: టేలర్ గారికి, ఇండియానా చిరునామాకు, కెంటకీకి తిప్పి పంపవద్దన్న సూచనతో. బెకమ్ గారికి, కాపిటల్ హోటల్‌కు. కొలరాడో గవర్నరు గారికి మూడు ప్రతులు, ఉత్తరం చేరేసరికి కుర్చీలో ఎవరుంటే వాళ్ళు ఒకటి తీసుకుని మిగతావి తర్వాతివాళ్ళకు అందించగలరు.