సంతలో కోడెకున్న చరిత్ర కుక్కపిల్లకు ఎందుకు లేదు?

తెలంగాణ సరిహద్దును ఆనుకున్న మహారాష్ట్ర ఊరు ధర్మాబాద్‌లో మా బంధువుల ఇంట్లో పది నెలల లాబ్రడార్ ఉంది. షాబాద్ బండల మీద పడుకున్నది లేవాలంటే ముందుకాళ్లు ఊని, నడుమును ఈడ్చుకుంటూ లేస్తుంది. పరుగెత్తితే వెనుక కాళ్లు రెండింటినీ కుందేలులా ఒకేసారి ఎత్తి వేస్తుంది. ఎక్స్‌రేలో తుంటి ఎముక గుండు, గిన్నెలో సగమే కూర్చున్నట్టు కనిపించింది. అమ్మినాయన ఇచ్చిన జాతి కాగితాల్లో తాత ముత్తాతల పేర్లున్నాయి కాని, తల్లిదండ్రుల తుంటి గురించి ఒక్క మాట లేదు.

తిండి ఎక్కువై, నున్నటి నేల మీద పెరిగి ఇలా అయిందని అమ్మకందారులు చెబుతారు. పిల్లప్పుడు బరువు మితిమీరితే కీలు మరింత చెడుతుందన్నది నిజమే. కాని తిండి ఆజ్యం మాత్రమే, నిప్పు వంశంలోనే ఉంది. రెండేళ్లు నిండిన తర్వాత తుంటికి ఎక్స్‌రే తీయించి, బాగున్నవాటినే జత కట్టిస్తే తరతరానికీ ఈ బాధ తగ్గుతుంది.

కంటి లోపల వెనుకనున్న పొర (రెటీనా) క్షీణించి చూపు పోయే జబ్బు ఇంకా మోసకారిది. చూడటానికి నిక్షేపంలా ఉన్నా లోపపు జన్యువును లోలోపల మోస్తున్న రెండు కుక్కలను, అంటే వాహకాలను, కలిపితే, సగటున నాలుగు పిల్లల్లో ఒకదానికి అది వస్తుంది. మేనరికాల ఇళ్లలో ఇలాంటివి చూసిన మనకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. బుగ్గ లోపల దూదిపుల్లతో తీసిన నమూనాతో జన్యుపరీక్ష చేయవచ్చు. వాహకాలన్నింటినీ వెలివేయాల్సిన పని కూడా లేదు; లోపం లేనిదానితో జత కట్టిస్తే ఆ ఈతలో ఏ పిల్లకూ ఆ జబ్బు రాదు, జాతిలో వంశాల వైవిధ్యం తగ్గి రక్తం ఇరుకైపోదు.

రక్తం ఇరుకైతే ఏమవుతుందో డాల్మేషియన్ అనే మచ్చల కుక్కజాతి చెబుతుంది. యూరిక్ ఆమ్లాన్ని సరిగా మార్చలేని లోపం ఆ జాతి మొత్తానికీ పాకి, మూత్రంలో రాళ్లు తెచ్చిపెట్టింది. లోపం లేని కుక్క జాతిలోనే లేనప్పుడు ఎంత ఏరినా ఫలితం ఉండదు. 1973లో అమెరికన్ జన్యుశాస్త్రవేత్త రాబర్ట్ షైబుల్ ఒక్కసారి పాయింటర్ అనే వేరే జాతి కుక్కతో సంకరం చేయించి, ఆ సంతానాన్ని తరతరాలుగా తిరిగి డాల్మేషియన్లతోనే కలుపుతూ వచ్చారు. మచ్చలు మిగిలాయి, లోపం పోయింది. అయినా 'స్వచ్ఛత' పట్టింపుతో ఆ సంతతికి తలుపులు మూసిన, కుక్కల జాతులను నమోదు చేసే అమెరికన్ కెన్నెల్ క్లబ్ చివరకు 2011లో గాని నమోదుకు ఒప్పుకోలేదు. ఆ ఏళ్లన్నీ కుక్కలు అనుభవించిన నొప్పి కేవలం పట్టుదల ఖరీదు.

ఈ సంగతి మన నేలకు కొత్తది కాదు. నాందేడ్ జిల్లా కంధార్ పేరు మోస్తున్న లాల్ కంధారీని, లాతూరు జిల్లా దేవణి పేరు మోస్తున్న దేవణిని, ఈ రెండు పశుజాతులనూ నిలబెట్టింది రైతులే. తెలిసిన రైతు ఆబోతు కూతుళ్లు ఎదకు వచ్చేలోపే ఆబోతును మారుస్తాడు. కోడెను కొనేముందు దాని తల్లి పాలెన్ని, తండ్రి ఎవరిదని అడుగుతాడు. అదే ఇంటి కుర్రవాడు వేలు పోసి కుక్కపిల్లను కొంటూ ముక్కు ఎంత పొట్టిగా ఉందని మాత్రమే అడుగుతున్నాడు. వేసవిలో మండిపోయే ఈ నేలమీద, ఊపిరాడని పగ్‌ను పెంచడానికి! పశువుల విషయంలో తండ్రి దగ్గరున్న జ్ఞానం కొడుకు చేతికి అందకుండా పోవడమే నన్ను ఎక్కువగా బాధిస్తోంది.

2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావాలి. పద్దెనిమిది నెలలు నిండని ఆడకుక్కను కట్టించకూడదు, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఇక్కడ అమ్మేది ఒక రాష్ట్రంలో, కొనేది మరో రాష్ట్రంలో. కాబట్టి మహారాష్ట్ర, తెలంగాణ మండళ్లు ఉమ్మడి నమోదు పుస్తకం తెరిచి, అందులో ప్రతి ఈతకూ తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే, కంటి పరీక్ష ఫలితాలను చేర్చాలి. ధర్మాబాద్‌లో కొనేవాడు, నిజామాబాద్‌లో అమ్మేవాడు ఇద్దరూ వాటిని చూడగలగాలి.