కుడికాలిపై ఏకసభ్య కమిషన్ నివేదిక

గత ఆదివారం రాత్రి నేను దింపిన బోయింగ్ 737 రన్‌వే మొత్తం వాడేసుకుని, అవతలి గడ్డిని కూడా కొంత వాడుకుంది. దిగగానే తనంతట తానే బ్రేకు వేసే ఆటోబ్రేక్ నాబ్ 2 మీదే ఉంది. ఇదంతా కంప్యూటర్‌లోని ఫ్లైట్ సిమ్యులేటర్ (ముద్దుగా సిమ్) కాబట్టి ప్రాణనష్టం లేదు, పరువునష్టమే. అయినా బాధ్యతగల కెప్టెన్‌గా వెంటనే విచారణకు ఆదేశించాను. కమిషన్‌కు అధ్యక్షుణ్ణి నేనే, ప్రధాన సాక్షినీ నేనే. నిందితుడెవరో మాత్రం అప్పటికి తేలలేదు.

ఆనవాయితీ ప్రకారం ముందుగా గదిలో లేనివాళ్లను అనుమానించాం. సిమ్ తయారుచేసినవాళ్లు, మొన్నటి అప్‌డేట్, ఎదురుగాలి చాలకపోవడం. సిమ్ మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. అర్ధరాత్రి దాటింది. విమానం మళ్లీ గడ్డిలోకే వెళ్లింది, ఈసారి కొంచెం హుందాగా.

ఇక దారిలేక మాన్యువల్ తెరిచాను. ఆటోబ్రేక్ చాలా అభిమానం గల యంత్రమని అందులో తెలిసింది. చక్రాలు నేలను తాకి తిరగాలి, ఇంజిన్ల శక్తిని నడిపే రెండు థ్రాటిళ్లూ పూర్తిగా ఐడిల్‌కు, అంటే కనిష్ఠానికి, రావాలి. అప్పుడే పని మొదలుపెడుతుంది. ఆ తర్వాత మనం పెడల్ తొక్కినా, థ్రాటిల్ ముందుకు తోసినా, రెక్కల మీది స్పాయిలర్ పలకలను లేపే స్పీడ్‌బ్రేక్ లివర్ కిందికి దించేసినా, 'సరే, మీరే చూసుకోండి' అని తప్పుకుంటుంది. పోతూ పోతూ ఆటోబ్రేక్ డిసార్మ్ అనే లైటు వెలిగించి మరీ పోతుంది. ఆ లైటు ప్రతిసారీ వెలిగింది. నేను దాన్ని అలంకారం అనుకున్నాను.

నాబ్‌కు ఎడమ చివర ఆర్‌టీఓ అని ఒకటుంటుంది. అది టేకాఫ్ మధ్యలో మానుకున్నప్పటి కోసం. 90 నాట్ల వేగం దాటాక థ్రాటిళ్లు వెనక్కి లాగితే గట్టిగా బ్రేకు వేస్తుంది. ల్యాండింగ్‌లో దాన్నుంచి ఏమీ రాదు. టేకాఫ్‌కు ముందు దాన్ని పెట్టి, మార్చడం మరిచిపోయి, అలాగే దిగేసి 'బ్రేకులు ఫెయిల్' అని అరిచినవాడు నాకు తెలిసి ఒకడున్నాడు. అతని పేరు బయటపెట్టడం కమిషన్ అధ్యక్షుడికి ఇబ్బంది.

ఎయిర్‌బస్ ఏ320 వైపు పారిపోదామా అనిపించింది. అక్కడ ఇంకో పేచీ. గ్రౌండ్ స్పాయిలర్లు లేస్తేనే ఆటోబ్రేక్ కదులుతుంది. అదీ 'మెడ్' (మధ్యస్థం) మీద పెడితే 2 సెకన్లు, 'లో' (తక్కువ) మీద పెడితే 4 సెకన్లు ఆగి. ఆ 4 సెకన్లు ఓర్చుకోలేక నేను బ్రేకు తొక్కేస్తాను, అది తప్పుకుంటుంది. మా ఇద్దరికీ పొసగదు.

'బ్రేకు పడుతోంది కానీ సరిగా పడటం లేదు' అనే ఫిర్యాదు కూడా కమిషన్ ముందుకొచ్చింది (ఫిర్యాదుదారు నేనే). ఇందులో పస లేదు. 737లో 2 అంటే వేగం సెకను సెకనుకూ సెకనుకు 5 అడుగుల చొప్పున తగ్గాలని ఒప్పందం. ఇంజిన్ల తోపును ముందుకు మళ్లించే రివర్స్ లాగితే ఆ పనిలో కొంత రివర్సే చేసేస్తుంది కాబట్టి, బ్రేకులు ఆ మేరకు తగ్గించుకుంటాయి. మిగులు పని మీద వేసుకునే అలవాటు దానికి లేదు.

చివరికి కంట్రోల్ సెట్టింగుల పేజీ తెరిచాం. అక్కడ కుళ్లు బయటపడింది. థ్రాటిల్ పూర్తిగా వెనక్కి లాగినా సిమ్‌కు 2 శాతం కనిపిస్తోంది. మీట ఎంత కదిలిందో కొలిచే లోపలి పొటెన్షియోమీటర్ అరిగితే ఇలాగే వణుకుతుంది. చిన్న కదలికలను లెక్కచేయని డెడ్ జోన్ కొంచెం పెడితే అణిగింది. కొత్త జాయ్‌స్టిక్ తగిలించిన రోజున, ఎవరూ అడక్కుండానే, సిమ్ దాని మీటనొకదాన్ని బ్రేకుకు కట్టబెట్టింది. దాన్ని పీకేశాను. ఇక మిగిలింది కుడి పెడల్ బ్రేకు. ఎవరూ తొక్కకపోయినా దాని గీత పైకీ కిందికీ ఆడుతోంది. పెడళ్ల కంపెనీని ఏకిపారేస్తూ నివేదిక రాయడం మొదలుపెట్టాను.

ఇంతలో నిద్రచెడి లేచొచ్చిన మా ఆవిడ గుమ్మంలోంచే అడిగింది. "ఏమండీ, ఎవరూ తొక్కడం లేదంటారు, మరి ఆ కాలు ఎవరిది?"

నివేదిక చించేశాను. పెడల్ పైభాగం నొక్కితే బ్రేకు, మొత్తం తోస్తే ముక్కును పక్కకు తిప్పే రడ్డర్. మడమలు నేలకు ఆనించి, వేళ్లు పైభాగానికి తగలకుండా ఉంచుకోవాలి. ఈ మాత్రం జ్ఞానం నాకు మొదటినుంచీ ఉంది. కాలికి లేదు. దాన్ని మందలించి వదిలేస్తే చాలదని, తదుపరి ఉత్తర్వుల వరకు సస్పెండ్ చేశాను. తోటిదాన్ని అడ్డుకోనందుకు ఎడమకాలినీ.

మర్నాడు రాత్రి కుర్చీలో బాసింపట్టు వేసుకుని కూర్చుని విమానం దింపాను. పక్కగాలి 15 నాట్లు. చక్రాలు తాకాయి, స్పాయిలర్లు లేచాయి, బ్రేకు పడింది, డిసార్మ్ లైటు వెలగలేదు. వేగం లెక్క ప్రకారం తగ్గుతూ వచ్చింది. రడ్డర్ మీద కాళ్లు లేవు కాబట్టి విమానం గాలివైపు మెల్లగా ముక్కు తిప్పుకుని, రన్‌వే అంచు దాటి, గడ్డి మధ్యలో చక్కగా ఆగింది. ఆటోబ్రేక్ నిర్దోషి అని రాసి ఫైలు మూసేశాను.